చేపలతొట్టియు గదిలోని వేడియు

మచిలీ యనగా హిందూస్థానీలో చేప. పేరులోనే చేపను ధరించిన మన పట్టణమునందును, గుడివాడ, దివిసీమ ప్రాంతములందును, చేపను చెఱువులోను కాలువలోను చూచుట పిల్లలకు పుట్టుకతో వచ్చిన పరిచయము. దానిని గాజుతొట్టిలో నుంచి, పైన దీపము పెట్టి, ఇంటిలోపల చూచుట మాత్రము ఇటీవల ప్రబలిన వేడుక. ఈ వేడుకను మేము నిందింపము. ఒక గంటసేపు తొట్టియెదుట కూర్చుండి చేప మొప్పల నాడించు తీరును గమనించిన బాలుడు జీవశాస్త్రమున నొక పాఠము నేర్చినవాడే. అయినను వైశాఖ జ్యేష్ఠములలో ఈ తొట్టిని గూర్చి తలిదండ్రులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. తొట్టి వచ్చినది మొదలు ఆ గదిలో ఉక్క హెచ్చినట్లున్నది. ఇది నిజమా, తమ భ్రమయా యని వారి సందేహము. మఱికొందఱు దీనికి విరుద్ధముగా, కూజాలో నీరు చల్లబడునట్లు తొట్టివలన గదియు చల్లబడునని నమ్ముదురు. ఈ రెండు మాటలలో నేది యెంతవఱకు సత్యమో లెక్కవేసి చూతము.

ఇది కేవలము లెక్కల వినోదము గాదు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మృతినొందిరి. అట్టి దినములలో మొదట కుంగిపోవువారు వృద్ధులును, పసిబిడ్డలును. తొట్టి యున్న గదిలోనే నాయనమ్మ మంచము, తమ్ముని ఉయ్యాల యుండు ఇండ్లు మన ప్రాంతమున లేకపోలేదు. వారికొఱకును, నోరులేని చేపలకొఱకును ఈ విషయమును కొంచెము నిదానముగా విచారింపవలసి యున్నది.

ముందుగా తెలిసికొనవలసిన ధర్మ మొకటి గలదు. తొట్టికి తీగద్వారా వచ్చు విద్యుచ్ఛక్తి యంతయు తుదకు వేడిగానే మాఱును. దీపముయొక్క వెలుతురు నీటిపైనను, ఇసుకపైనను, గోడలపైనను పడి యణగిపోవును. అణగిన వెలుతురే వేడి. పంపు నీటిని త్రిప్పును. తిరిగిన నీరు రాపిడిచే నెమ్మదించును. ఆ రాపిడియే వేడి. ఇంగ్లండు దేశీయుడగు జేమ్స్ ప్రెస్కాట్ జూల్ అను శాస్త్రజ్ఞుడు 1840వ సంవత్సరము తరువాతి పదియేండ్లలో, పాత్రలోని నీటిని తెడ్లతో త్రిప్పించి, త్రిప్పుటకు పట్టిన పనికి సరిపోవునంత వేడి నీటిలో పుట్టుటను కొలిచి చూపెను. శక్తిని కొలుచు మానమునకు నేడు ఆయన పేరే పెట్టియున్నారు. మన తొట్టిలోని పంపు ఆ తెడ్డునకు తమ్ముడు. తొట్టిలోని మొక్కలు వెలుతురులో స్వల్పభాగమును తమ దేహములయందు దాచుకొనునుగాని, అది లెక్కకు రానంత తక్కువ.

ఇచ్చట నొక అపోహను తొలగింపవలెను. ఎల్.ఈ.డీ. దీపము వేడి పుట్టింపదని పలువు రందురు. అది సరిగాదు. 20 వాట్ల ఎల్.ఈ.డీ. దీపము గదికి 20 వాట్ల వేడినే యిచ్చును. పాతకాలపు 20 వాట్ల బల్బును అంతే యిచ్చును. భేద మెచ్చటనన, అంతే వెలుతురునకు ఎల్.ఈ.డీ. దీపము చాల తక్కువ వాట్లతో సరిపెట్టుకొనును. మేలు వాట్లు తగ్గుటలో నున్నదిగాని, దీపముయొక్క జాతిలో లేదు.

మీ తొట్టి యెన్ని వాట్లు మ్రింగుచున్నదో తెలిసికొనుటకు పెద్ద సాధనము లక్కఱలేదు. ఇంటి విద్యుత్తు మీటరుమీద ఎఱ్ఱని చిన్నదీప మొకటి మెఱయుచుండును. ఒక యూనిట్టునకు ఎన్ని మెఱుపులో మీటరుమీదనే ముద్రించి యుందురు. పెద్దలనుమతితో కొంతసేపు ఇంటిలోని తక్కిన దీపములు, పంకాలు, రిఫ్రిజిరేటరు ఆపి, తొట్టిని మాత్రము నడువనిచ్చి, 15 నిమిషములు ఆ మెఱుపులను లెక్కింపుడు. యూనిట్టునకు 3,200 మెఱుపులని వ్రాసియుండి, 15 నిమిషములలో 64 మెఱుపులు వచ్చిన యెడల, గంటకు 256. దానిని 3,200 చేత భాగింపగా 0.08 యూనిట్టు, అనగా 80 వాట్లు. మీటరును తాకవలదు, దూరమునుండి చూచిన చాలును.

ఈ 80 వాట్ల తొట్టినే మన యుదాహరణముగా గైకొందము. దీపమునకు 50, నీటిని శుభ్రపఱచు ఫిల్టరు పంపునకు 25, గాలిబుడగల పంపునకు 5 వాట్లు. ఊరక కూర్చున్న మనుష్యుని దేహమునుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. కావున దీపము వెలుగునంతసేపు ఈ తొట్టి గదిలో కూర్చున్న మఱియొక మనుష్యునికి కొంచెము తక్కువ. చుట్టము వచ్చి పోవును; తొట్టి లేచి పోదు. దీపము దినమునకు 10 గంటలు, పంపులు 24 గంటలు నడచినచో, దినమునకు 1,220 వాటు-గంటలు, అనగా నెలకు 36 యూనిట్లకు పైగా ఖర్చగును. బిల్లు కట్టునది ఈ వేడికే.

ఈ వేడిచే గది యెంత వేడెక్కును? 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుగల గదిలోని గాలి సుమారు 39 కిలోలు తూగును. అంత గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 11 వాటు-గంటలు చాలును. అనగా తలుపులు సందు లేకుండ మూసి, గోడలు వేడిని త్రాగవనుకొన్నచో, 80 వాట్ల తొట్టి గంటలో 7 డిగ్రీలు పెంచవలెను. నిజముగా నట్లు జరుగదు. గోడలు, నేల, పైకప్పు వేడిని తమలోనికి లాగుకొనును. గాలి వచ్చిపోవు గదిలో పెరుగుదల డిగ్రీలో కొంత భాగమే. కాని కిటికీలు బిగించిన చిన్న పడకగదిలో, పైన డాబా పగలంతయు ఎండకు కాగియుండి గోడలును వేడెక్కిన రాత్రి, ఈ వేడికి పోవుటకు దారి యుండదు. కావున తలిదండ్రుల అనుమానము కేవలము భ్రమ గాదు.

ఇక కూజా మాటకు వత్తము. 3 అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తుగల తొట్టిలో సుమారు 127 లీటర్ల నీరు పట్టును. ఒక లీటరు నీరు ఆవిరియై పోవునపుడు సుమారు 675 వాటు-గంటల వేడిని తనతో గొనిపోవును. దినమునకు ఒక లీటరు ఆవిరియైన యెడల, అది రేయింబవళ్లు 28 వాట్ల వేడిని తీసివైచినదానితో సమానము. కూజా చల్లబడుటకును, చెమట యారినపుడు ఒడలు చల్లబడుటకును ఇదియే కారణము.

తొట్టిగాజుపై ఒక కాగితపు చీలికను అంటించి, నీటిమట్టము వద్ద గీత గీయుడు. మఱునాడు అదే వేళకు ఎంత దిగినదో చూడుడు. మన తొట్టి నీటిమట్టము ఒక సెంటీమీటరు దిగినచో 2.8 లీటర్లు పోయినట్లు. అర సెంటీమీటరు దిగినదనుకొందము, అది 1.4 లీటర్లు, అనగా 39 వాట్లు. తొట్టి దినమంతటికి సగటున మ్రింగునది 51 వాట్లు గదా. అందు నాలుగింట మూడుపాళ్లకు పైగా ఆవిరి రూపముననే పోవుచున్నదన్నమాట. ఇంత స్వల్పమైన కాగితపు చీలిక యింత సంగతి చెప్పుట మాకు మిక్కిలి ముచ్చటగా తోచును. తరగతిలోని పిల్లలందఱును ఒక వారము దీనిని వ్రాసిపెట్టుకొనవచ్చును.

అయితే తొట్టిలోనుండి పోయిన వేడి ఎచ్చటికి పోయినది? ఆవిరిలో దాగి గదిలోనే యున్నది. గది తెఱచియున్నచో ఆవిరితోబాటు వెలుపలికి పోవును. మూసియున్నచో గదిలోనే నిలుచును. 30 డిగ్రీల వేడిగల గాలి ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల ఆవిరిని మాత్రమే పట్టగలదు. మన గది ఘనపరిమాణము 34 ఘనమీటర్లు. అనగా ఆ గదిలోని గాలి యంతయు గలిసి పట్టగల నీరు ఒక్క లీటరు! సముద్రతీరమున గాలిలో నూటికి 75 పాళ్ల తేమ ముందే యుండుట సాధారణము. కావున మిగిలిన చోటు పావు లీటరునకే. దినమునకు 1.4 లీటర్లు విడుచు తొట్టి, పూర్తిగా మూసిన గదిలో నాలుగు గంటలకు కొంచెము మించగానే ఆ చోటును నింపివేయును. ఆ పిమ్మట నీరు ఆవిరి కాదు, తొట్టి చల్లబడదు. అంతకంటె ముఖ్యము, పండుకొన్నవారి చెమట యారదు. ఉష్ణమాపకమున అంకె యెక్కువ పెరుగకయే ఉక్క పెరుగుటకు కారణ మిదియే. తొట్టి గదిని చల్లబఱచునన్నవారు నీటిని చూచిరిగాని ఆవిరిని చూడలేదు.

మన పెద్దలు వేసవిలో వట్టివేళ్ల తడికలను తడిపి ద్వారములకు కట్టెడివారు. అది చల్లగా నుండెను. ఏలయన పడమటినుండి వచ్చు పొడిగాలి తడికగుండ లోనికి వచ్చి, ఎదుటి కిటికీగుండ వెలుపలికి పోయెడిది. తడిక వెనుక కిటికీ మూసియున్నచో ఆ గది ఆవిరికుడుము వండు పాత్రతో సమానమై యుండెడిది.

నీరు ఆవిరియై యెంతవఱకు చల్లబడగలదో తెలుపు హద్దు ఒకటి గలదు. రెండు ఉష్ణమాపకములను దెచ్చి, ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టి, రెండింటిని పంకా గాలిలో నుంచుడు. తడిగుడ్డ చుట్టినది కొంతదూరము దిగి ఆగును. ఆ యంకెకంటె తక్కువకు తొట్టినీరు పంకాగాలిచే నెన్నటికిని దిగదు. దీనిని బట్టియే మన మూడు ప్రాంతములకును మూడు విధములైన ఉపాయములు కావలసివచ్చుచున్నవి.

బందరులో మధ్యాహ్నపు వేళ సముద్రపుగాలి తిరిగి వేడిని కొంత తగ్గించును; కాని తేమను తెచ్చును. గాలి 35 డిగ్రీలు, తేమ నూటికి 65 పాళ్లు అనుకొన్నచో, తడిగుడ్డ యుష్ణమాపకము 29 డిగ్రీల చెంత ఆగును. గుడివాడ సముద్రమునకు దూరముగా నున్నది. పడమటిగాలి వీచునాడు అచ్చట గాలి 41 డిగ్రీలు, తేమ నూటికి 30 పాళ్లు అనుకొందము. తడిగుడ్డ 27 డిగ్రీల చెంతకు దిగును. అనగా ఒడలికి ఎక్కువ దుర్భరముగా మండుచున్న దినముననే, పంకా పెట్టిన తొట్టి ఎక్కువ చల్లబడగలదు! ఇది వినుటకు వింతగా నుండునుగాని, పరీక్షించి చూచినవారికి వింత గాదు. గుడివాడవారు అట్టి పొడిదినములలో తొట్టి మూత తీసి, నీటిమీదుగా చిన్న పంకా త్రిప్పి, ఎదురెదురు కిటికీలు కొంచెము తెఱచియుంచినచో మంచి ఫలము పొందుదురు. బందరువారికి పంకా కొద్దిపాటి మేలే చేయును; వారు మొదట వాట్లను తగ్గించుకొని, సముద్రపుగాలి తిరిగిన వెంటనే కిటికీలు తెఱచి పాతగాలిని వెడలగొట్టవలెను. సముద్రపుగాలి తిరుగక పడమటిగాలి నిలిచిననాడు బందరుకూడ గుడివాడ యగును. ఆనాడు రెండవ యుపాయమే తగినది. ఏనాడు ఏది తగునో తడిగుడ్డ యుష్ణమాపకమే చెప్పును.

దివిసీమ సంగతి వేఱు. కృష్ణ పాయలనడుమ, సముద్రపు టంచున నున్న ఆ సీమలో పెక్కు గ్రామముల బోరునీరు ఉప్పన. ఆవిరియై పోవునది మంచినీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే మిగులును. దినమునకు 1.4 లీటర్లవంతున నెలకు 42 లీటర్లు, అనగా తొట్టిలో మూడవవంతు నీరు పోయవలసివచ్చును. ఆ పోయు నీటిలో లీటరునకు ఒక గ్రాము ఉప్పులున్నచో, నెలకు 42 గ్రాములు తొట్టిలో చేరును. రెండు మూడు నెలలలో మంచినీటి చేపకు అది మంచినీరు గాదు. మంచినీటి చెఱువునుండియో కాలువనుండియో తెచ్చిన నీరు పోయవచ్చునుగాని, వేసవిలో కాలువలు కట్టివేయు దినములలో బిందెడు నీటికొఱకు స్త్రీలు దూరము నడచు గ్రామములలో, చేపతొట్టిని చల్లార్చుటకై దినమునకు లీటరున్నర నీటిని గాలిలో కలుపుట మాకు సమ్మతముగా లేదు. దివిసీమవారు తొట్టికి గాజుమూత వేసి, ఆవిరిని తగ్గించి, వేడి పుట్టకుండ చూచుకొనుటయే మేలు. మేడమీద పట్టిన వాననీటిని శుభ్రముగా దాచుకొన్నవారికి కొంత వెసులుబాటు గలదు.

ఇక వేడి పుట్టకుండ చేయుట యెట్లు? అన్నింటికంటె ముందు దీపము. 50 వాట్ల దీపమును 10 గంటలు వెలిగించు బదులు, 20 వాట్ల ఎల్.ఈ.డీ. దీపమును 6 గంటలు వెలిగించిన చాలును; మొక్కలు చావవు, నాచు తగ్గును. ఆ ఆఱు గంటలును మధ్యాహ్నము గాక, ఉదయము 5 మొదలు 7 వఱకును, సాయంకాలము 6 మొదలు 10 వఱకును పంచుకొనవలెను. ఎండవేళ గదికి సూర్యుడే చాలినంత వేడి నిచ్చుచుండగా, మనము మఱికొంత చేర్చుట యేల? ఇంటిల్లిపాదియు తొట్టిని తీరికగా చూచునదియు సాయంకాలమే గదా. ట్యూబులైటు వాడువారు దాని చోకును మూతలోనుండి తీసి వెలుపల బిగింపించుకొన్నచో, చోకు వేడి నీటికి తగులదు; గదికి మాత్రము తగులును.

హీటరు సంగతి ఒక్కమాటతో ముగింతము. దుకాణములలో తొట్టితోబాటు హీటరునుగూడ అంటగట్టుదురు. అది శీతలదేశముల వస్తువు. మన ప్రాంతమున పుష్యమాసపు రాత్రులలో, అదియును కొన్ని జాతుల చేపలకు మాత్రమే దానితో పని. తక్కిన కాలమంతయు దానిని తీగ తీసి పెట్టెలో నుంచవలెను. చల్లబడినపుడు తానే వెలిగి, వేడెక్కినపుడు తానే యాఱు మీట చెడిపోయినచో, అది మే నెలలోను వెలుగుచునే యుండును.

పంపును మాత్రము రాత్రులందు ఆపవలదని గట్టిగా చెప్పుచున్నాము. కొందఱు విద్యుత్తు పొదుపునకై దీపమును వదలి పంపు నాపుదురు. ఇది తలక్రిందుల పొదుపు. ఫిల్టరులోని సూక్ష్మజీవులు చేపల మలినమును విషము గాకుండ మార్చుచుండును. వానికి ఎడతెగక ప్రాణవాయువు కావలెను. పంపు పెద్దదైనచో చిన్నది తెచ్చుకొనుడు. ఫిల్టరునకు 10 వాట్లు, బుడగల పంపునకు 4 వాట్లు మన తొట్టికి చాలును. అప్పుడు దినమునకు మొత్తము 456 వాటు-గంటలే. ముందటి 1,220తో పోల్చిచూచిన, వేడి మూడవవంతునకు కొంచెము పైగా దిగినది, ఖర్చును అంతే.

ఎయిర్ కండిషనరు గల గదులలో మేము పైన చెప్పిన పంకా యుపాయము పనికిరాదు. ఆ యంత్రము గాలిలోని తేమను మరల నీరుగా దించి వెలుపలికి పంపవలెను. తొట్టి విడిచిన ప్రతి లీటరును దానికి అదనపు బరువు. అట్టి గదిలో తొట్టికి మూత వేయవలెను. మూత తీయుట యొకచోట మందు, మఱియొకచోట రోగము.

నీటిని చల్లార్చు చిల్లరు అను యంత్రమును కొందఱు ధనికులు కొనుచున్నారు. అది నీటిలోని వేడిని తీసి గదిలో పోయును. తాను మ్రింగిన విద్యుత్తును గూడ వేడిగా మార్చి దానిమీద కలుపును. 150 వాట్లు మ్రింగుచు నీటినుండి 350 వాట్లు తీయు యంత్రము గదిలోనికి 500 వాట్లు విడుచును. చేప చల్లబడును, మనుష్యుడు కాగును. రిఫ్రిజిరేటరు తలుపు తెఱచియుంచి గది చల్లబడునని కూర్చున్నవాని తెలివి యిట్టిదే. చిల్లరు కావలెనన్నచో దాని వేడిగాలి కిటికీవెలుపలికి పోవునట్లు అమర్చవలెను.

మంచు వేయుట సులభమని కొందఱు తలంతురు. ఒక కిలో మంచు కరగి, ఆ నీరు 30 డిగ్రీలవఱకు వేడెక్కునప్పటికి, 127 లీటర్ల తొట్టి ఒక డిగ్రీకూడ దిగదు, 0.86 డిగ్రీ దిగును. అయినను అత్యవసరమున అది విలువైనదే. మంచును నేరుగా వేయక, మూతబిగించిన సీసాలో నుంచి తేలవేయవలెను. మంచుకర్మాగారపు మంచు చేపల పెట్టెలకు చేసినదిగాని తొట్టినీటికి చేసినది గాదు. ఇచ్చట నొక చిన్న చమత్కారము. ఇంటి రిఫ్రిజిరేటరులో చేసిన మంచు ఇంటిని చల్లబఱుపదు, దాని వేడి రిఫ్రిజిరేటరు వెనుకనుండి ఇంటిలోనికే వచ్చును. బజారునుండి తెచ్చిన మంచు ఆ వేడిని బజారులోనే వదలివచ్చును.

తొట్టి నుంచు స్థలమును గూర్చి రెండు మాటలు. పసిబిడ్డయో వృద్ధులో పరుండు మూసినగదిలో వేసవియందు తొట్టి యుండగూడదని మా నిశ్చితాభిప్రాయము. గాలి పాఱు నట్టింటనో, ఎండపడని వసారాలోనో అది యుండవచ్చును. వసారాలోనైన పిల్లులకు, కాకులకు భయపడి వలమూత వేయవలెను. కొరమేను వంటి చేపలు ఎగిరి దూకునవి. వానికి వలమూత లేనిచో తెల్లవాఱునప్పటికి నేలమీద దొరకును. డాబాయింటి పైయంతస్తుకంటె క్రిందిది మేలు. పాతపెంకుటిండ్లలో గోడ పైభాగమున వదలిన గవాక్షములను నేటివారు మూసివేయుచున్నారు. వేడిగాలియు, ఆవిరిగల గాలియు తేలికగాన పైకే పోవును. వానికి అదియే ద్వారము. దానిని తెఱపింపుడు.

తొట్టి చిన్నదైనకొలది నీరు త్వరగా కాగును. బల్లమీద పెట్టు గుండ్రని గాజుబుడ్డిలోని అయిదు లీటర్ల నీరు గాలితోబాటే హెచ్చి గాలితోబాటే తగ్గును; 127 లీటర్ల నీటికి ఒక డిగ్రీ పెరుగుటకు సుమారు 150 వాటు-గంటలు కావలెను. 1871లో లండనునగరమున క్రిస్టల్ పాలెసు అక్వేరియమును నిర్మించిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఈ ధర్మమును చక్కగా గ్రహించెను. ఆయన చూపుతొట్లకంటె నెంతో పెద్దదగు జలాశయమును నేలక్రింద చీకటిలో నుంచి, ఆ చల్లని నీటిని తొట్లలోనికి నిరంతరము త్రిప్పుచుండెను. మనము నేలక్రింద జలాశయము త్రవ్వలేముగాని, గాజుబుడ్డిని కొనకుండ మానగలము.

ఇంత చెప్పియు చేపల మాట చెప్పనిచో లెక్క సగమే. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 25 డిగ్రీల మంచినీరు లీటరునకు 8.3 మిల్లీగ్రాములు పట్టగలదు. 30 డిగ్రీలకు 7.6, 35 డిగ్రీలకు 7 కంటె కొంచెము తక్కువ. అదే కాలమున చేప దేహము వేగముగా పనిచేయుచు ఎక్కువ ప్రాణవాయువును కోరును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటిది. మిగిలిన మేత క్రుళ్లుటకును అదే వాయువు పట్టును. కావున వడగాడ్పు దినములలో మేత సగము చేయవలెను.

బంగారుచేప చైనాదేశపు చల్లని నీటిజాతి. మన మే నెల దానికి శిక్ష. అందముచూచి దానినే కొనువారు పలువురు గలరు. వారిని మేము వారింపలేకపోవుచున్నాము. గప్పీలు, జీబ్రాచేపలు మన వేడికి చాలవఱకు తాళును; డిస్కస్ అను దక్షిణ అమెరికా చేపకు 28 మొదలు 30 డిగ్రీలే యిష్టము. గౌరామీలు, బెట్టాలు, మన కొరమేను నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకొనగలవు. కావున ప్రాణవాయువు తగ్గిన నీటిలోను కొంత తడవు నిలుచును.

గుడివాడ, కైకలూరు ప్రాంతముల చెఱువుల రైతులు చేపల యారోగ్యమును తెల్లవాఱకముందు పోయి చూతురు. రాత్రి వెలుతురు లేనందున నీటిలోని మొక్కలును, నాచును ప్రాణవాయువును చేయవు. పైగా తామే పీల్చును. అందుచే తెల్లవాఱుజామునకు నీటిలో అది మిక్కిలి తక్కువగా నుండును. చేపలు మూతులు పైకెత్తి గాలికొఱకు తేలును. రైతు అది చూచినతోడనే గాలిమరలను త్రిప్పించును. ఇంటితొట్టికి ఈ నియమమే. మీ తొట్టిని సాయంకాలము దీపపుకాంతిలో గాక, జ్యేష్ఠమాసమున ఒకనాడు తెల్లవాఱుజామున నాలుగున్నరకు లేచి, దీపము వెలిగింపకమునుపు చిన్న చేతిదీపముతో చూడుడు. చేపలు అడుగున నెమ్మదిగా నుండిన యెడల నీరు సరిగా నున్నది. పైన గుంపుగూడి మూతులాడించుచున్న యెడల, వెంటనే బుడగల పంపును హెచ్చించి, కిటికీ తెఱచి, ఆ దినముననే తొట్టిలోని చేపలలో కొన్నింటిని స్థలముగల స్నేహితుని తొట్టిలోనికి పంపవలెను.